ఏ గొర్రెకు మందు, ఏ గొర్రెకు అక్కరలేదు: ఒక మంద ప్రాజెక్టు డైరీ

జూలై, తొలకరి తరువాత

గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో, లాం దాటిన తరువాత వచ్చే ఒక ఊరిలో అరవై పైచిలుకు నెల్లూరు జోడిపి గొర్రెలున్న మంద ఒకటి ఉంది. ఈ వానాకాలం మొదలుకొని వచ్చే వేసవి దాకా ఆ మందను వరుసగా పరిశీలించాలని మా కళాశాల జంతుశాస్త్ర విభాగంలో నిర్ణయించుకున్నాము. ఒకే బీడులో మేసి, ఒకే కుంటలో నీళ్లు తాగి, ఒకే దొడ్డిలో పడుకునే గొర్రెలలో కొన్నింటి కడుపులో నట్టలు, అంటే లోపల బతికే పరాన్నజీవి పురుగులు, విపరీతంగా పెరుగుతాయి, కొన్నింటిలో పెరగవు. ఆ తేడా గొర్రె శరీరంలో ఎక్కడ పుడుతుంది, దానిని బయటినుంచి గుర్తుపట్టి మందు వాడకాన్ని తగ్గించవచ్చునా అన్నదే మా ప్రశ్న.

మంద యజమాని డెబ్బై ఏళ్ల పెద్దాయన. వానలకు ముందొకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి మందలోని ప్రతి జీవానికీ నట్టల మందు తాగించడం ఆయన అలవాటు. అయితే ఈ మధ్య మందు పోసిన కొద్ది వారాలకే కొన్ని గొర్రెలు మళ్లీ నీరసించి, దవడ కింద నీరు దిగి, మేతకు వెళ్లేటప్పుడు గుంపులో వెనకబడుతున్నాయని చెప్పారు. ఇది ఈ ఊరికే వచ్చిన కష్టం కాదు. థయాబెండజోల్ అనే నట్టల మందు 1961లో వాడుకలోకి రాగా, దానికి లొంగని నట్టలు గొర్రెల్లో ఉన్నాయని 1964 నాటికే తేలింది. తరువాత వచ్చిన మందులకూ ఒకదాని వెంట ఒకటిగా అదే గతి పట్టింది. మందలోని అన్ని జీవాలకూ ఒకేసారి మందు పోస్తే బతికి బయటపడేవి మందుకు లొంగని నట్టలే కాబట్టి, ఆ తరువాత బీడులో పడే గుడ్లన్నీ వాటివే అవుతాయి. కొన్ని గొర్రెలను మందు పోయకుండా విడిచిపెడితే మందుకు లొంగే నట్టల సంతతి కూడా నిలిచి, మొండి రకాన్ని పలచబరుస్తూ ఉంటుంది. ఏ గొర్రెలను విడిచిపెట్టాలన్నది మాత్రం గొర్రె రోగనిరోధక వ్యవస్థనే అడిగి తెలుసుకోవాలి.

అడిగే పద్ధతి పేడలో గుడ్లు లెక్కపెట్టడమే. పెంటికలను నేలమీద ఏరడం లేదు. చేతికి తొడుగు వేసుకొని నేరుగా గొర్రె మలద్వారం నుంచే తీసుకుంటున్నాము. నేలమీద పడిన పెంటికలలో మట్టిలో బతికే పురుగులు కలిసిపోతాయి, పైగా అవి ఏ గొర్రెవో చెప్పలేము. మన ఎండకు గుడ్లు ఒక్క రోజులోనే పొదిగి పిల్లపురుగులు బయటికి వచ్చేస్తాయి కనుక, తీసినవాటిని మంచు పెట్టెలో పెట్టి ఆ పూటే ప్రయోగశాలకు చేరుస్తున్నాము. రెండు గ్రాముల పెంటికలను 28 మిల్లీలీటర్ల చిక్కని ఉప్పునీటిలో నూరి, టీ జల్లెడలో వడకట్టి, గుడ్లు లెక్కపెట్టడానికి గీతలు గీసి ఉన్న మెక్‌మాస్టర్ స్లైడులోని రెండు గదులూ నింపి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచుతాము. ఉప్పునీరు బరువైనది కాబట్టి గుడ్లు పైకి తేలి అద్దానికి ఆనుకుంటాయి. రెండు గదుల గీతల మధ్య కనిపించిన గుడ్లను కలిపి 50తో గుణిస్తే గ్రాము పేడలో ఎన్ని గుడ్లున్నాయో తెలుస్తుంది.

గాలి బుడగకు అంచు నల్లగా మందంగా ఉంటుందనీ, నట్ట గుడ్డు పలుచని పెంకుతో కోలగా ఉండి లోపల ద్రాక్షగుత్తిలా కణాలు కనిపిస్తాయనీ, బద్దెపురుగు గుడ్డుకు మూలలు తేలి ఉంటాయనీ మా విద్యార్థులు మొదటి వారంలోనే పట్టేశారు. పద్నాలుగో నంబరు చెవి బిళ్ల ఉన్న గొర్రెకు ఒక గదిలో 31, రెండో గదిలో 27 గుడ్లు కనిపించాయి. అంటే గ్రాముకు 2,900. అదే వయసున్న, అదే దొడ్డిలో దాని పక్కనే పడుకునే గొర్రె స్లైడులో ఒక్క గుడ్డూ లేదు.

ఆగస్టు

మంద మొత్తం లెక్క ఒకసారి పూర్తయింది. సగానికి పైగా గొర్రెలలో గ్రాముకు 200 గుడ్లు దాటలేదు. బీడులో పడే గుడ్లలో పెద్ద వాటా పది పన్నెండు గొర్రెల నుంచే వస్తున్నది. పరాన్నజీవుల శాస్త్రంలో ఇది బాగా తెలిసిన సంగతే. ఏ మందలోనైనా ఐదో వంతు జంతువులు మొత్తం నట్టలలో సుమారు ఐదింట నాలుగు వంతులను మోస్తాయని చెబుతారు. చదివినప్పటికంటే, ఆ కొద్ది గొర్రెల నంబర్లు చేత్తో రాసుకున్నప్పుడు ఆ మాట బరువు బాగా తెలిసింది.

గుడ్డును చూసి నట్ట జాతి చెప్పడం కష్టం కాబట్టి, పెంటికలను నలిపి, తడిపి, గాజు సీసాలో వారం రోజులు ఉంచి పిల్లపురుగులను పెంచాము. గుంటూరులో ఈ నెలలో గది వేడే సరిపోతుంది, ఇంక్యుబేటరు అవసరం రాలేదు. సీసా గోడమీద చెమ్మలో పైకి పాకిన మూడో దశ పురుగులను కడిగి మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు ఎక్కువ వాటికి తోక దగ్గర పొర కొద్దిగా వంకర తిరిగి కనిపించింది. అది హీమాంకస్ కంటార్టస్ అనే నట్ట గుర్తు. తోక పొర బాగా పొడవుగా, దారంలా సాగినవి ఈసోఫాగోస్టోమమ్ జాతివి. అవి కొన్నే ఉన్నాయి.

హీమాంకస్ గొర్రె నాలుగో కడుపులో ఉండి రక్తం తాగుతుంది. ఒక్కొక్క నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తాన్ని హరిస్తుంది. వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోతుంది. ముప్పై కిలోల గొర్రెలో ఉండే మొత్తం రక్తమే రెండు లీటర్ల పైచిలుకు. ఆడ నట్ట ఒక్కటే రోజుకు ఐదు వేల నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు గొర్రె కడుపులో చేరిన మూడు వారాలకు గుడ్లు పేడలో కనిపించడం మొదలవుతుంది.

ఈ నెల మధ్యలో పెద్ద వానలు పడిన తరువాత, మందు పోయకపోయినా కొన్ని ముదురు గొర్రెలలో గుడ్ల లెక్క ఒక్కసారిగా పడిపోయింది. పచ్చి మేతకు పేడ పలుచబడి లెక్క తగ్గినట్టు కనిపించవచ్చు కనుక, పేడ గట్టిపడిన తరువాత మళ్లీ చూశాము. తగ్గుదల నిలిచే ఉంది. నార్మన్ స్టోల్ 1929లో ప్రకటించిన పరిశోధనలో ఇటువంటిదే ఉంది. బీడు నుంచి కొత్త పిల్లపురుగులు భారీగా కడుపులో చేరినప్పుడు గొర్రె లోపలున్న పాత నట్టలను కూడా వెళ్లగొట్టి, ఆపైన కొంతకాలం కొత్తవాటిని నిలవనివ్వలేదు. ముందే పరిచయమున్న శత్రువు మళ్లీ పెద్ద సంఖ్యలో వచ్చినప్పుడు కడుపు గోడలోని మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు ఒక్కసారిగా స్పందించడం దీనికి ఒక కారణమని భావిస్తారు. మా మందలో జరిగినదీ అదేనని తేల్చి చెప్పడానికి పేడ లెక్క ఒక్కటే చాలదు. కానీ లేత గొర్రెలలో ఈ తగ్గుదల కనిపించకపోవడం ఆ వైపే చూపుతున్నది.

సెప్టెంబరు

గుంటూరులో ఒక మాంసం దుకాణం యజమానిని అడిగి, ఆదివారం కోసిన గొర్రెల కడుపులు, పేగులు కొన్ని తెచ్చుకున్నాము. నాలుగో కడుపును కత్తెరతో చీల్చి ట్రేలో పరిచి గోరువెచ్చని ఉప్పునీళ్లు పోయగానే, గులాబీ రంగు ముడతల మధ్య నుంచి సన్నని దారాలు కదులుతూ పైకి వచ్చాయి. భూతద్దం కింద ఆడ నట్టలో రక్తంతో నిండిన ఎర్రని పేగు చుట్టూ తెల్లని అండాశయాలు మెలి తిరిగి కనిపించాయి. అవి కరచుకున్న చోట సూదిమొన అంత ఎర్రని చుక్కలున్నాయి. ఇంకొక గొర్రె కడుపులో ఒకటి రెండు నట్టలే ఉన్నాయి, గోడ మాత్రం చిక్కని జిగురుతో జారిపోతున్నది. ఆ జిగురు ఊరకే ఊరినది కాదు.

పేగు లోపలి పొరలో అరుదుగా, విడివిడిగా ఉండే టఫ్ట్ కణాలు నట్ట రాకను పసిగడతాయని 2016లో ఎలుకల మీద జరిగిన మూడు వేర్వేరు పరిశోధనలు చూపాయి. అంతకు ముందు చాలాకాలం ఆ కణాల పని ఏమిటో స్పష్టంగా తెలియదు. నట్ట ఉనికి తెలియగానే టఫ్ట్ కణం ఇంటర్‌ల్యూకిన్-25 అనే సంకేతాన్ని వదులుతుంది. దానిని అందుకున్న సహజ లింఫాయిడ్ కణాలనే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-13 అనే మరో సంకేతాన్ని విడుదల చేస్తాయి. ఆ రెండో సంకేతంతో పేగు పొర తీరే మారిపోతుంది. జిగురు ఊరించే గాబ్లెట్ కణాలు పెరుగుతాయి, టఫ్ట్ కణాలు కూడా పెరిగి కబురు మరింత బిగ్గరగా వెళుతుంది, పేగు కండరం గట్టిగా ముడుచుకుంటుంది, లోపలి పొర కణాలు మామూలుకంటే వేగంగా పుట్టి రాలిపోతూ వాటిని అంటిపెట్టుకున్న పురుగును కూడా ఊడదీస్తాయి. గొర్రె కడుపులోనూ నట్టలు చేరినప్పుడు టఫ్ట్ కణాలు పెరుగుతాయని తరువాత తెలిసింది.

సూక్ష్మక్రిమి వస్తే తెల్ల రక్తకణం దానిని మింగి చంపుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల నట్టను ఏ కణమూ మింగలేదు. అందుకే నట్టల విషయంలో శరీరం వేరే దారి పట్టింది: చంపడం కంటే ఉండనివ్వకపోవడం మీద, పెరగనివ్వకపోవడం మీద దృష్టి పెట్టింది. ఇఒసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు లేత దశలోని పురుగుల చుట్టూ చేరి వాటి చర్మాన్ని దెబ్బతీసే పదార్థాలు కుమ్మరిస్తాయి. ఐజీఈ రకం ప్రతిదేహాలు (పరాయి వాటిని గుర్తించి పట్టుకునే ప్రోటీన్లు) అంటుకొని ఉన్న మాస్ట్ కణాలు పగిలి కణాల మధ్య బిగువును సడలిస్తే, కణజాలంలోని ద్రవం పేగులోకి పొంగి పురుగులను ముందుకు నెట్టుకుపోతుంది. బాగా నిరోధక శక్తి వచ్చిన గొర్రెలో మింగిన పిల్లపురుగులు కడుపు గోడలో స్థిరపడకముందే, రెండు రోజుల్లోపు, బయటికి పోతాయి. నిలదొక్కుకున్న వాటిని కూడా ఐజీఏ అనే మరో రకం ప్రతిదేహాలు వదలవు. స్కాట్లాండ్ గొర్రెలలో హీమాంకస్‌కు దగ్గరి బంధువైన టెలడోర్సాజియా మీద జరిగిన అధ్యయనాలలో, ఐజీఏ ఎక్కువగా ఉన్న గొర్రెలలోని నట్టలు పొట్టిగా ఉండిపోయి తక్కువ గుడ్లు పెట్టాయని తేలింది. కాబట్టి మా స్లైడులో గుడ్లు తక్కువగా కనిపించినంత మాత్రాన నట్టలు తక్కువని కాదు. ఉన్న నట్టల గొంతు నొక్కిపెట్టి ఉండవచ్చు. బీడు శుభ్రంగా ఉండడానికి రెండూ మేలే.

తెచ్చిన వాటిలో ఒక పెద్దపేగు గోడ నిండా జొన్నగింజ మొదలుకొని బఠాణీ గింజ దాకా గట్టి గడ్డలున్నాయి. ఇటువంటి పేగును బోటీకి కూడా ఎవరూ కొనరని దుకాణదారు ముందే చెప్పారు. ఒక గడ్డను కోస్తే పచ్చని, జున్నులాంటి పదార్థం, దాని మధ్య సున్నంలా గట్టిపడిన కణిక బయటపడ్డాయి. ఇది ఈసోఫాగోస్టోమమ్ పిల్లపురుగులు పేగు గోడలో దూరినచోట గొర్రె శరీరం కట్టిన కోట. మొదటిసారి పురుగులు దూరినప్పుడు పెద్దగా గడ్డలు రావు. పరిచయమైన శరీరంలోకి అవి మళ్లీ వచ్చినప్పుడే తెల్ల రక్తకణాలు చుట్టుముట్టి గోడ కడతాయి. పురుగు అందులో చిక్కి చావవచ్చు, కానీ గడ్డలతో నిండిన పేగు నీటిని సరిగా పీల్చలేదు, సరిగా కదలలేదు, గొర్రె చిక్కిపోతుంది. రోగనిరోధక వ్యవస్థ చేసే ప్రతి పనికీ శరీరం ఒక ఖరీదు చెల్లిస్తుందని తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా రాని స్పష్టత ఆ పేగు ముక్కను వేళ్ల మధ్య నలిపినప్పుడు పిల్లలకు వచ్చింది. ఆ ముక్కను ఫార్మలిన్‌లో భద్రపరిచాము.

నట్టలు కూడా చేతులు ముడుచుకొని కూర్చోవు. ఎలుకల పేగులో ఉండే హెలిగ్మోసోమాయిడిస్ అనే నట్ట ఎలుక శరీరపు హెచ్చరిక సంకేతాలను అందనివ్వని ప్రోటీన్లను, శరీరం తన స్పందనను తగ్గించుకోవడానికి వాడే సంకేతాన్ని అనుకరించే ప్రోటీన్లను స్రవిస్తుంది.

అక్టోబరు

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాయి. రక్తం తగ్గేకొద్దీ కంటి రెప్ప లోపలి పొర పాలిపోతుంది కాబట్టి, గుడ్ల లెక్కతో పాటు ఇప్పుడు కంటి రంగు కూడా రాస్తున్నాము. దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా పటంలో కింది రెప్ప లోపలి పొరకు ముదురు ఎరుపు నుంచి తెలుపు దాకా ఐదు మెట్లున్నాయి. ఒకటి, రెండు మెట్ల గొర్రెలకు మందు అవసరం లేదు. నాలుగు, ఐదు మెట్లవాటికి ఆలస్యం చేయకూడదు. మూడో మెట్టులో లేత పిల్లలకు, చూడి గొర్రెలకు, నీరసించిన వాటికి పోయడం మంచిది. రక్తం తాగే నట్టలకే ఈ పటం పనికివస్తుంది. కాలువల వెంబడి మేసే మందలలో కాలేయపు జలగల వల్ల, పిడుదుల వల్ల, తిండి చాలక కూడా రెప్ప పాలిపోతుంది కనుక, పశువైద్యుడిని అడగకుండా ఒక్క కంటి రంగును నమ్మి మందు నిర్ణయించడం సరికాదు.

ఎక్కువ గుడ్లు కనిపించిన పద్నాలుగో నంబరు గొర్రెను చూసి పెద్దాయన, "మాస్టారూ, మందలో దీనికన్నా గట్టి గొర్రె లేదు, ఏటా పిల్లను పెంచుతుంది, దీనికి నట్టలేమిటి?" అన్నారు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. దాని రెప్ప రెండో మెట్టులో ఉంది, ఒళ్లు తగ్గలేదు. అది నట్టలను వెళ్లగొట్టడం లేదు, వాటిని మోస్తూనే పోయిన రక్తాన్ని పోయినంత వేగంగా తయారు చేసుకుంటున్నది. దాని మట్టుకు దానికి ఇబ్బంది లేదు. కానీ అది వదిలే గుడ్ల నుంచి వచ్చే పిల్లపురుగులను మందలోని లేత పిల్లలన్నీ మేస్తున్నాయి. కంటి రంగును మాత్రమే చూస్తే ఇది ఆదర్శమైన గొర్రె, గుడ్లను మాత్రమే చూస్తే మందకు హాని చేసే గొర్రె. నా దృష్టిలో ఈ ప్రాజెక్టులో ఇంతవరకు తేలిన అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే: ఓర్చుకునే శక్తి, ఎదిరించే శక్తి ఒకటి కావు, రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఇప్పటికి రెప్ప పాలిపోయిన ఏడు గొర్రెలకు, వాటితో పాటు పద్నాలుగో నంబరుకు పశువైద్యుడి సలహాతో మందు పోశాము. మిగిలిన మందను విడిచిపెట్టాము. తొలకరికి పొట్టేలుతో కలిసిన గొర్రెలు ఈ పాటికి చూడి తొలి నెలలు దాటాయి. చూడి కట్టిన తొలి నెలలో ఆల్బెండజోల్ అనే నట్టల మందు వాడకూడదని పెద్దాయనకు పశువుల ఆసుపత్రిలో ఇదివరకే చెప్పి ఉన్నారు.

టీకా సంగతి ఆయనే అడిగారు. హీమాంకస్‌కు ఆస్ట్రేలియాలో 2014లో ఒక టీకా అనుమతి పొందింది. నట్ట పేగు లోపలి గోడలో ఉండే ప్రోటీన్లతో దానిని తయారు చేస్తారు. మామూలు సంక్రమణలో ఆ ప్రోటీన్లు గొర్రె రోగనిరోధక వ్యవస్థ కంటపడవు. టీకా వేసినప్పుడు వాటికి ప్రతిదేహాలు రక్తంలో తయారవుతాయి. నట్ట రక్తం తాగినప్పుడు అవి దాని కడుపులోకే చేరి లోపలి గోడను పట్టుకుంటాయి. అయితే బీడులో మింగే పిల్లపురుగులు ఆ జ్ఞాపకాన్ని తాజా చేయలేవు కాబట్టి, టీకాను తరచుగా మళ్లీ వేయవలసి వస్తుంది.

డిసెంబరు, జనవరి

గొర్రెలు ఈనుతున్నాయి. ఈనడానికి రెండు వారాల ముందు నుంచి కొన్నింటిలో గుడ్ల లెక్క పెరగడం మొదలై, ఈనిన నెలకు తారస్థాయికి చేరింది. జూలైలో స్లైడు ఖాళీగా చూపిన గొర్రె కూడా ఇప్పుడు వందలలో చూపుతున్నది. ఇది ప్రపంచమంతటా గొర్రెలలో కనిపించే సంగతే. పాలు ఊరడానికి, పిల్ల ఎదగడానికి మాంసకృత్తులు పెద్ద మొత్తంలో తరలిపోవడం వల్లనూ, ఆ సమయపు హార్మోన్ల మార్పుల వల్లనూ నిరోధక శక్తి సడలుతుంది. జిగురు, ప్రతిదేహాలు, కొత్త కణాలు అన్నీ మాంసకృత్తులతోనే తయారు కావాలి. తల్లి శరీరం వాటిని ముందుగా పొదుగుకు పంపుతుంది.

ఈ మాటను పరీక్షించడానికి చూడి గొర్రెలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఈనే ముందు నుంచి మామూలు మేతకు తోడు వేరుశనగ చెక్క పెట్టాము. చెక్క తిన్న గుంపులో లెక్క పెరిగింది కానీ తక్కువగా పెరిగింది, తొందరగా దిగింది. గుంపులు చిన్నవి కనుక దీనిని రుజువుగా చెప్పను. ఇతర దేశాలలో జరిగిన పెద్ద ప్రయోగాల ఫలితాలతో మాత్రం ఇది సరిపోతున్నది. చెక్క ధరను, ఆదా అయిన మందు ధరను పక్కపక్కన రాసి పెద్దాయనకు ఇచ్చాము. వచ్చే ఏడు తొలిచూలు గొర్రెలకైనా పెడతానన్నారు.

జున్నుపాలతో తల్లి ప్రతిదేహాలు పిల్లకు చేరినా, నట్టల విషయంలో వాటి రక్షణ స్వల్పం. పిల్ల తన నిరోధక శక్తిని తానే, నట్టలతో పరిచయం పెంచుకుంటూ, సుమారు ఆరు నెలల వయసుకు సంపాదించుకుంటుంది. పూర్తిగా నట్టలే లేని చోట పెంచితే ఆ శక్తి రాదు. భారీగా మీదపడితే అది వచ్చేలోపే పిల్ల పోతుంది. అందుకని పిల్లలను మంచు ఆరేదాకా బీడుకు తోలడం లేదు, ఎందుకంటే మంచు తడిలో పిల్లపురుగులు గడ్డి పైకి పాకుతాయి. రాత్రిళ్లు మంద కట్టించుకోవడానికి మిరప రైతులు పిలిచినప్పుడు పెద్దాయన సంతోషంగా వెళుతున్నారు. దున్నబోయే చేలో పడిన పెంటికలు ఎరువవుతాయి, వాటిలోని గుడ్లు గొర్రెలు మేసే చోటికి రావు.

మార్చి

ఎండలు ముదిరాయి. బీడు ఎండిపోవడంతో కొత్త సంక్రమణ దాదాపు ఆగింది, లెక్కలు దిగుతున్నాయి. మందలో మూడింట రెండు వంతుల గొర్రెలు ఈ కాలమంతా మందు లేకుండానే గడిచాయి, వాటిలో ఏదీ చనిపోలేదు.

మిగిలింది విత్తనపు పొట్టేలు ఎంపిక. గుడ్ల లెక్కలో గొర్రెకూ గొర్రెకూ ఉండే తేడాలో సుమారు నాలుగో వంతు వంశపారంపర్యంగా వస్తుంది. బెంగాల్ సుందరవనాల గరోల్ గొర్రె, తూర్పు ఆఫ్రికా రెడ్ మాసాయ్ గొర్రె హీమాంకస్‌ను బాగా ఎదిరిస్తాయని పేరు పొందాయి; తరతరాలుగా నట్టలున్న నేలల మీద, మందులు లేని కాలంలో బతికి బట్టకట్టిన జాతులు అవి. ఒక గొర్రె ఏడాదికి ఒక పిల్లకు తల్లి అయితే, ఒక పొట్టేలు మందలోని పిల్లలన్నిటికీ తండ్రి. తక్కువ గుడ్లు, ఎర్రని రెప్ప రెండూ ఉన్న తల్లులకు పుట్టిన పోతుపిల్లలలో ఎత్తు, ఒడ్డు చూసి మూడింటిని పెద్దాయన సంతకు పంపకుండా ఆపారు. రాబోయే తొలకరి తరువాత అవి బీడులో మేసి ఆరు వారాలు గడిచాక మూడింటి పెంటికలనూ లెక్కపెడతాము. ఇప్పుడున్న పొట్టేలు వయసు మళ్లింది. దానిని తీసేసే ముందు దాని లెక్క కూడా అదే రోజు రాసి పెట్టుకుంటాము.